మెదడులో క్రొత్త నాడీకణములు పుట్టునా?

గత సంవత్సరము పై తరగతి విద్యార్థులకు నాడీమండలమును గూర్చి పాఠము చెప్పుచు, నా పాత వ్రాతపుస్తకములోని యొక వాక్యమును చదివి వినిపించితిని. "చర్మము అరిగినచో క్రొత్త చర్మము పుట్టును, రక్తకణములు నశించినచో క్రొత్త రక్తకణములు పుట్టును, మెదడులోని నాడీకణములు మాత్రము ఒకసారి నశించినచో మరల పుట్టవు" అనునదియే ఆ వాక్యము. నా చిన్ననాడు మా ఉపాధ్యాయులు నాకు అట్లే చెప్పిరి. నేనును సందేహింపక అనేక సంవత్సరములు అట్లే చెప్పుచు వచ్చితిని.

ఆ దినమున వెనుక బల్లపై కూర్చున్న బాలు డొకడు లేచి, "అయ్యా, మా తాతగారు ఈ నడుమ నన్ను గుర్తుపట్టుట లేదు. నన్ను చూచి మా నాయన పేరు పెట్టి పిలుచుచున్నారు. ఆయన మెదడులో చచ్చిపోయిన కణములకు బదులు క్రొత్తవి ఎన్నటికిని రావా?" అని యడిగెను. తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెను. నేను "రావు, నాయనా" అని చెప్పి పాఠమును ముగించితిని.

ఇంటికి పోయిన పిమ్మట ఆ "రావు" అను మాట నన్ను బాధింపసాగెను. రావని నాకెట్లు తెలిసెను? ఎవరు చూచిరి? ఏ పరీక్షచే నిర్ణయించిరి? ఈ ప్రశ్నలతో గ్రంథములను తిరుగవేయగా, నేను చెప్పిన సమాధానము పూర్తిగా సరియైనది కాదని తెలిసెను. అంతమాత్రమున "వచ్చును" అని తొందరపడి చెప్పినను అదియు సరికాదని తెలిసెను. ఆ బాలునికి నేను బాకీపడియున్న సమాధానమే ఈ వ్యాసము. ఇది తక్కిన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలంచుచున్నాను.

పూర్వపు సిద్ధాంతము

మన శరీరమంతయు జీవకణములచే నిర్మింపబడినది. వీనిలో పెక్కు కణముల ఆయుర్దాయము స్వల్పము. ఎఱ్ఱ రక్తకణము సుమారు 120 దినములు మాత్రమే బ్రదుకును; దాని స్థానమున ఎముకల లోపలి మజ్జలో క్రొత్త కణము పుట్టును. నాడీకణము ఇట్టిది కాదు. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఒక్కొక్కటి చెట్టువలె కొమ్మలు చాచి వేలకొలది ఇతర కణములతో సంబంధము పెట్టుకొనును. మనము నేర్చిన మాటలును, ఎఱిగిన ముఖములును ఈ సంబంధములయందే నిలిచియున్నవి.

స్పెయిను దేశస్థుడగు సాంటియాగో రామోన్ ఇ కహాల్ అను మహాశాస్త్రజ్ఞుడు మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, నాడీకణములు వేర్వేఱుగా నున్న వ్యక్తికణములని స్థాపించెను. 1906లో ఆయనకును, ఇటలీ దేశపు కామిల్లో గోల్జీకిని నోబెల్ బహుమానము లభించెను. పెరిగిన జంతువు మెదడులో నాడీమార్గములు స్థిరపడిపోయినవనియు, అచ్చట నశించునదేగాని పునర్జన్మ మెత్తునది లేదనియు కహాల్ అభిప్రాయపడెను. ఆయన మాటకు గల గౌరవముచే ఈ యభిప్రాయము పాఠ్యగ్రంథములలో స్థిరసిద్ధాంతమై నిలిచెను.

ఈ సిద్ధాంతమునకు ఆధారము లేకపోలేదు. కొమ్మలు చాచి పెరిగిన నాడీకణము రెండుగా చీలుట ఎవరును చూడలేదు. అది నేటికిని సత్యమే. కాని పూర్వులు దానినుండి మఱియొక యడుగు ముందునకు వేసి, "పెరిగిన నాడీకణము చీలదు కావున, క్రొత్త నాడీకణము పుట్టదు" అనిరి. ఈ రెండవ వాక్యము మొదటిదానినుండి పుట్టదు. పండిన వరికంకి మరల మొలక కాదు. అయినను విత్తన మొకటి మిగిలియున్నచో క్రొత్త మొక్క రాగలదు. మెదడులో అట్టి విత్తనములు దాగియున్నవేమో యని యడిగినవారు చాలకాలము లేకపోయిరి.

వినబడని మాట

1962వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థలో పనిచేయుచున్న జోసెఫ్ ఆల్ట్‌మన్ అను ఆయన ఈ ప్రశ్నను ధైర్యముగా నడిగెను. ఆయన యవలంబించిన పద్ధతి మీకు సులభముగా బోధపడును. ఏ కణమైనను రెండుగా చీలుటకు ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు తయారు చేసికొనవలెను. అందులకు థైమిడిన్ అను పదార్థము కావలెను. రేడియోధార్మికమగు ఉదజనిని చేర్చిన థైమిడినును ఎలుక శరీరములోనికి ఎక్కించినచో, అప్పుడు చీలుటకు సిద్ధపడుచున్న కణములు దానిని గ్రహించును, తక్కినవి గ్రహింపవు. తరువాత మెదడును పలుచని పొరలుగా కోసి, ఛాయాచిత్రములకు వాడు మందును పైన పూసి చీకటిలో నుంచినచో, గుఱుతుపడిన కణముల మీద నల్లని చుక్కలు కనబడును. అనగా ఆ కణము, మందు ఎక్కించిన తరువాత పుట్టినదని యర్థము.

పెరిగిన ఎలుకల మెదడులో అట్టి చుక్కలు గల నాడీకణములు ఆల్ట్‌మనుకు కనబడెను. 1965లో ఆయనయు, గోపాల్ దాస్ అను ఆయన సహచరుడును కలిసి, జ్ఞాపకశక్తికి ముఖ్యస్థానమగు హిప్పోకాంపస్ అను భాగములో ఎలుక పుట్టిన తరువాత కూడ క్రొత్త నాడీకణములు చేరుచున్నవని వివరముగా ప్రకటించిరి.

వారి మాట పేరుగల పత్రికలలోనే అచ్చుపడెను. అయినను శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు దానిని లక్ష్యపెట్టలేదు. చుక్కలు పడిన కణములు నిజముగా నాడీకణములేనా, లేక వానిని పోషించు గ్లియా కణములా యని సందేహించిరి. సందేహించుట తప్పు కాదు. సందేహించి పరీక్షింపకుండుట తప్పు. 1977లో మైకేల్ కాప్లన్ అను యువకుడు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచి, అవి నాడీకణములే యని చూపెను. అదియు చాలలేదు. 1985లో యేల్ విశ్వవిద్యాలయపు పాస్కో రాకిక్, పెరిగిన కోతులలో తాను వెదకగా క్రొత్త నాడీకణములు కనబడలేదని ప్రకటింపగా, ఎలుకల సంగతి ఎట్లున్నను మనవంటి ప్రాణులకు ఇది వర్తింపదని అనేకులు తీర్మానించిరి.

ఈలోగా పక్షులు సాక్ష్యము చెప్పెను. కెనరీ అను చిన్న పక్షి యేటేట క్రొత్త పాటలను నేర్చుకొనును. న్యూయార్కులోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయములో ఫెర్నాండో నాటెబామ్ ఈ పక్షులను పరీక్షించుచుండెను. 1983లో ఆయనయు స్టీవెన్ గోల్డ్‌మనును కలిసి, పెరిగిన కెనరీ మెదడులో పాటకు సంబంధించిన భాగమునందు క్రొత్త నాడీకణములు పుట్టుచున్నవని చూపిరి. 1992లో కెనడా దేశపు కాల్గరీ నగరములో బ్రెంట్ రేనాల్డ్స్, శామ్యూల్ వైస్ అనువారు, పెరిగిన చిట్టెలుక మెదడునుండి తీసిన కొన్ని కణములు గాజుపాత్రలో వృద్ధిపొంది నాడీకణములను పుట్టింపగలవని చూపిరి. దాగియున్న విత్తనములు ఇవియే. వీనిని మూలకణములందురు.

తుదకు 1999లో, కోతులలో లేవని మున్ను చెప్పిన రాకిక్ తానే, డేవిడ్ కోర్నాక్ అను సహచరునితో కలిసి మరల పరీక్షించి, పెరిగిన కోతుల హిప్పోకాంపస్‌లో క్రొత్త నాడీకణములు పుట్టుచున్నవని ప్రకటించెను. తన పూర్వవాక్యమును తానే సవరించుకొనుట శాస్త్రజ్ఞునికి లోపము కాదు, భూషణము. ఆల్ట్‌మన్ మాత్రము తన తొలి పరిశోధనకు తగిన గౌరవము లభించుటకు దీర్ఘకాలము వేచియుండవలసి వచ్చెను. 2011లో స్పెయిను దేశపు ఆస్టూరియాస్ యువరాజు బహుమానమును ఆయన ఇతరులతో కలిసి పొందెను. అప్పటికి ఆయన మొదటి వ్యాసము వెలువడి 49 సంవత్సరములు గడచినవి.

పుట్టుచోటులు

క్రొత్త కణములు మెదడంతట పుట్టునని భ్రమపడరాదు. ఎలుకలు మొదలగు జంతువులలో ఇందులకు ముఖ్యస్థానములు రెండు గలవు. మొదటిది, మెదడు లోపల ద్రవము నిండియుండు గదుల గోడ. అచ్చట పుట్టిన పిల్లకణములు మెదడు ముందుభాగమునకు ప్రయాణము చేసి, వాసనను గ్రహించు భాగములో స్థిరపడును. రెండవది, హిప్పోకాంపస్‌లోని డెంటేట్ జైరస్ అను మడత. అచ్చటి కణములు దూరము పోక, పుట్టినచోటనే కొమ్మలు చాచి, కొన్ని వారములలో తోటికణములతో సంబంధము కలుపుకొనును. పుట్టినవన్నియు బ్రదుకవు; వానిలో పెక్కు మొదటి వారములలోనే నశించును.

ఇచ్చట ఒక ముఖ్యమైన ప్రశ్న యుదయించును. మూలకణము ఎప్పుడు నిద్రింపవలెను, ఎప్పుడు మేలుకొనవలెను, మేలుకొన్న పిమ్మట నాడీకణమే కావలెనని దానికి ఎవరు చెప్పుదురు?

ఒకే గ్రంథము, అనేక ప్రతులు

మానవుని కణములలో ప్రోటీనులను నిర్మించుటకు కావలసిన సూచనలు గల జన్యువులు సుమారు 20,000 ఉన్నవి. చర్మకణములోనున్న జన్యువులే నాడీకణములోను ఉన్నవి, కాలేయకణములోను అవియే. గ్రంథము ఒక్కటియే యైనప్పుడు, ఒక కణము చర్మముగను, వేఱొక కణము మెదడుగను ఎట్లయ్యెను?

మన పూర్వుల యిండ్లలోని తాటాకు గ్రంథములను మీలో కొందఱు చూచియుందురు. ఆకులకు రంధ్రములు చేసి, త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకల నుంచి బిగించి కట్టుదురు. కట్టు విప్పనిదే ఏ యాకును చదువ వీలులేదు. అట్టి గ్రంథము ముందు ఒక వ్రాయసకాడు కూర్చున్నాడనుకొనుడు. వాడు తనంతట తాను ఆకును ఎన్నుకొనడు. అధికారి యొకడు వచ్చి, కట్టు వదులుచేసి, "ఈ యాకు మొదలుకొని వ్రాయుము" అని వ్రేలు చూపినచో, వాడు దానికి నకలు వ్రాసి బయటికి పంపును. ఆ నకలును చూచి పనివారు వస్తువును తయారుచేయుదురు.

జీవకణములో గ్రంథము డి.ఎన్.ఏ.; వ్రాయసకాడు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ అను ఎంజైము, నకలు ఆర్.ఎన్.ఏ. ఇట్లు నకలు వ్రాయు పనికి అనులేఖనమని పేరు. వ్రేలు చూపు అధికారియే అనులేఖన కారకము. దీనినే ట్రాన్స్‌క్రిప్షన్ ఫాక్టరందురు. ఇదియు ఒక ప్రోటీనే. ఇది జన్యువు సమీపమునగల తగిన స్థానమున అంటుకొని వ్రాతను ప్రారంభింపజేయును. కొన్ని కారకములు దీనికి విరుద్ధముగా, "ఈ యాకు వ్రాయవద్దు" అని అడ్డగించును. మానవునిలో ఇట్టి కారకములు సుమారు 1,600 గలవని గణించియున్నారు. చర్మకణమునకును నాడీకణమునకును గల భేదము గ్రంథములో లేదు. ఏ యధికారులు పనిలో నున్నారను దానిలో కలదు.

జన్యువులకు ఇట్టి యధికారము గలదని మొదట స్పష్టముగా చెప్పినవారు పారిసులోని పాశ్చర్ సంస్థకు చెందిన ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో అనువారు. పాలలోని చక్కెరను తిను సూక్ష్మజీవిని పరీక్షించి, ఆ చక్కెర లేనప్పుడు ఒక పదార్థము జన్యువును అణచియుంచుననియు, చక్కెర దొరకినప్పుడు అది తొలగిపోవుననియు 1961లో తెలిపిరి. 1965లో వారికి ఆంద్రే ల్వాఫ్‌తో కూడ నోబెల్ బహుమానము లభించెను.

ఒక్క కారకమున కెంత శక్తి గలదో తెలుపు పరీక్ష యొకటి 1995లో స్విట్జర్లాండు దేశపు బాసెల్ నగరమున జరిగెను. వాల్టర్ గేరింగ్ అను ఆయనయు, ఆయన సహచరులును, కంటి నిర్మాణమునకు మూలమగు కారకమును ఒక చిన్న ఈగ యొక్క కాళ్లలోను, రెక్కలలోను పనిచేయించిరి. ఆ స్థానములలో కన్నులు మొలచెను! చిట్టెలుకలోని తత్సమానమగు పాక్స్-6 అను కారకమును ఉపయోగించినను ఈగకు ఈగకన్నే మొలచెను. ఈ పాక్స్-6 మెదడులో క్రొత్త నాడీకణముల పుట్టుకకును తోడ్పడుచున్నది.

విత్తు మొలకెత్తు క్రమము

ఇప్పుడు హిప్పోకాంపస్‌లోని మూలకణమును గమనింతము. చిట్టెలుకలలో జరిగిన పరీక్షలనుబట్టి దాని చరిత్రను ఇట్లు చెప్పవచ్చును.

మొదట మూలకణము నిద్రావస్థలో నుండును. సాక్స్-2 అను కారకము దాని మూలకణ స్వభావమును కాపాడుచుండును. హెస్ అను కుటుంబమునకు చెందిన కారకములు నాడీకణ జన్యువులను అణచియుంచును. ఈ యణచివేత అవసరమే. విత్తనములన్నియు ఒక్కసారి మొలచినచో, మఱుసటి యేటికి విత్తన మెక్కడిది?

రెండవ దశ మేలుకొనుట. ఇందులకు ఆస్‌కల్-1 అను కారకము కావలెను. ఇది బిగించిన కట్టును సైతము వదులుచేయగల సమర్థుడైన అధికారి. 2014లో లండనులో ఫ్రాన్స్వా గిల్లెమో బృందమువారు పెరిగిన చిట్టెలుకల మూలకణములనుండి ఈ కారకమును తొలగింపగా, ఆ కణములు మేలుకొనలేదు. క్రొత్త నాడీకణముల పుట్టుక నిలిచిపోయెను. 2016లో అదే బృందమువారు, హ్యూవీ-1 అను మఱియొక ప్రోటీను పనితీరిన ఆస్‌కల్-1ను నశింపజేయుట వలననే కొన్ని కణములు మరల నిద్రావస్థకు పోగలుగుచున్నవని కనుగొనిరి. మేల్కొలుపువానికి సెలవిచ్చు ఏర్పాటు కూడ ఉండవలెనన్నమాట.

మూడవ దశలో, చీలిన కణమునందు టిబిఆర్-2 అను కారకము కనబడును. ఇది లేనిచో వంశము ముందునకు సాగదు. నాలుగవ దశలో న్యూరోడి-1 అను కారకము పిల్లకణమును నాడీకణముగా పెంచును. 2009లో దీనిని తొలగించి చూడగా, క్రొత్తగా పుట్టిన కణములలో పెక్కు పెరుగక నశించెను. తుదకు ప్రాక్స్-1 అను కారకము, "నీవు ఈ మడతకు చెందిన కణమవు" అని దానికి స్థిరమైన గుఱుతు నిచ్చును. ప్రాక్స్-1ను తొలగించినచో, ఆ కణములు పొరుగున నున్న వేఱొక జాతి నాడీకణముల లక్షణములను పొందునని 2012లో తెలిసెను.

విద్యార్థులారా, ఈ క్రమమును గమనింపుడు. ఏ యొక్క కారకమును తనంతట నాడీకణమును చేయుట లేదు. ఒకటి నిలుపును, ఒకటి లేపును, ఒకటి నడపును, ఒకటి పెంచును, ఒకటి పేరు పెట్టును. ఎవరి వంతు వారు వచ్చి, పని ముగిసినంతనే తొలగిపోయినప్పుడే కార్యము నెరవేరును. ఒక పాఠశాలలో క్రింది తరగతి ఉపాధ్యాయుడు మొదలు పై తరగతి ఉపాధ్యాయుని వరకు ఒక్క బాలుని తీర్చు విధమును తలంచుకొన్నచో ఇది బోధపడును.

ఈ యధికారులను మనము నియమింపగలమా? 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో మారియస్ వెర్నిగ్ బృందమువారు, ఆస్‌కల్-1తో మఱి రెండు కారకములను చేర్చి చిట్టెలుక చర్మపు కణములలో ప్రవేశపెట్టగా, అవి గాజుపాత్రలో నాడీకణములుగా మాఱెను. ఈ వార్త గొప్ప యాశలను రేకెత్తించెను. తరువాత కొందఱు, మెదడులోని గ్లియా కణములనే న్యూరోడి-1తో నాడీకణములుగా మార్చితిమని ప్రకటించిరి. కాని 2021లో అమెరికాలోని డల్లాస్ నగరమున చున్-లీ జాంగ్ బృందమువారు కణముల వంశావళిని జాగ్రత్తగా గుర్తించి చూడగా, క్రొత్తవని తలంచినవి అంతకుముందే యున్న నాడీకణములని తేలెను. గుఱుతు పొరపాటున వానికి అంటెను. కావున ఆశ యెంత గొప్పదో పరీక్ష అంత కఠినముగా నుండవలెను.

మానవుని సంగతి

ఇక మా విద్యార్థి యడిగిన అసలు ప్రశ్నకు వత్తము. మానవుని మెదడులో క్రొత్త నాడీకణములు పుట్టునా?

1998లో స్వీడను దేశపు పీటర్ ఎరిక్సన్, అమెరికాలోని సాక్ సంస్థకు చెందిన ఫ్రెడ్ గేజ్ అనువారు మొదటి సాక్ష్యమును చూపిరి. క్యాన్సరు రోగులు కొందఱికి, వ్రణముయొక్క పెరుగుదలను తెలిసికొనుటకై, చీలుచున్న కణములలో చేరు ఒక మందును వైద్యులు ఇచ్చియుండిరి. అట్టివారిలో ఐదుగురి మెదడులను వారి మరణానంతరము పరీక్షింపగా, హిప్పోకాంపస్‌లో ఆ మందు గుఱుతు గల నాడీకణములు కనబడెను. తాము కోలుకొనలేని వ్యాధితో నున్న ఆ ఐదుగురి వలన లోకమునకు ఈ జ్ఞానము కలిగెనని మఱువరాదు.

2013లో స్టాక్‌హోమ్ నగరపు కరోలిన్‌స్కా సంస్థలో కిర్‌స్టీ స్పాల్డింగ్, యోనాస్ ఫ్రీసెన్ బృందమువారు మఱియొక విచిత్రమైన మార్గమును కనిపెట్టిరి. 1963లో ఒడంబడిక జరుగువరకు గొప్ప రాజ్యములవారు ఆకాశములో అణుబాంబులను పేల్చి పరీక్షించుచుండిరి. అందువలన గాలిలో కర్బనము-14 అను పదార్థము హెచ్చి, తరువాత క్రమముగా తగ్గుచు వచ్చెను. కణము పుట్టిననాడు గాలిలో ఎంత యుండెనో, దాని డి.ఎన్.ఏ.లో అందుకు తగినంత చేరియుండును. దీనినిబట్టి కణముల వయస్సును లెక్కింపగా, పెద్దవారి హిప్పోకాంపస్ ఒక్కొక్కదానిలో దినమునకు సుమారు 700 క్రొత్త నాడీకణములు చేరుచున్నవని వారు తేల్చిరి. నాశమునకై చేసిన బాంబులు జననమునకు సాక్ష్యము పలికెను.

కాని వివాదము ముగియలేదు. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆర్టురో ఆల్వరెజ్-బుయ్యా బృందమువారు, శిశువులలో విస్తారముగా నుండు పిల్ల నాడీకణములు త్వరగా తగ్గిపోవుచున్నవనియు, 13 ఏండ్ల ప్రాయమువానిలో కొన్ని మాత్రమే యున్నవనియు, పెద్దవారిలో కానరాలేదనియు ప్రకటించిరి. ఆ సంవత్సరమే కొలంబియా విశ్వవిద్యాలయపు మౌరా బోల్డ్రీని బృందమువారు, వృద్ధులలో సైతము అవి కనబడుచున్నవని ప్రకటించిరి. ఇద్దఱును సమర్థులే. మఱి యీ భేదమేల? మరణించిన తరువాత మెదడును భద్రపఱచుటకు ఆలస్యమైనచో, పిల్లకణములను గుర్తుపట్టించు ప్రోటీను చెడిపోవును. మందులో ఎక్కువకాలము నానినను గుఱుతు కనబడకపోవును. ఒకచో అసలు లేని గుఱుతు ఉన్నట్లు తోచుటయు సంభవమే.

2019లో మాడ్రిడ్ నగరమున మరియా యోరెన్స్-మార్టిన్ బృందమువారు భద్రపఱచు పద్ధతిని జాగ్రత్తగా సరిచూచుకొని, 43 మొదలు 87 ఏండ్ల వయస్సుగల ఆరోగ్యవంతుల మెదడులలో వేలకొలది పిల్ల నాడీకణములను చూచిరి. మతిమఱుపును గలిగించు ఆల్జైమర్ వ్యాధిగ్రస్తులలో ఇవి తక్కువగా నున్నవనియు, వ్యాధి ముదిరినకొలది ఇంకను తగ్గుచున్నవనియు తెలిపిరి. 2025లో ఫ్రీసెన్ బృందమువారు ఒక్కొక్క కణములోని ఆర్.ఎన్.ఏ. నకళ్లను చదివి, అనగా ఏ యధికారులు పనిలోనున్నారో విచారించి, పెద్దవారి హిప్పోకాంపస్‌లో చీలుచున్న పూర్వకణములు గలవని చూపిరి. కొందఱిలో అవి యెక్కువగాను, కొందఱిలో బహు స్వల్పముగాను ఉండెను. ఇంతటితో మానవునియందును ఇవి పుట్టునను పక్షము బలపడినది. ఎంత సంఖ్యలో పుట్టును, ఎంతవరకు ఉపయోగపడును అను విషయములు ఇంకను విచారణలో నున్నవి.

నా సమాధానము

కావున, నాయనా, నీ ప్రశ్నకు నా సవరించిన సమాధానమిది. క్రొత్త నాడీకణములు "ఎన్నటికిని రావు" అని నేను చెప్పిన మాట తప్పు. పెద్దవారిలో సైతము మెదడులోని యొక చిన్న మడతలో అవి కొద్దిగా పుట్టుచున్నట్లు మంచి సాక్ష్యము గలదు. కాని ఆ కొద్ది కణములు, వ్యాధిచే నశించిన అసంఖ్యాకములగు కణముల స్థానమును నింపజాలవు. నశించిన కణముతోపాటు అది యేండ్ల తరబడి కట్టుకొనిన సంబంధములును నశించును. క్రొత్త కణము వాని నెఱుగదు. అనులేఖన కారకములతో ఈ వ్యాధిని కుదుర్చు చికిత్స ఇంకను వైద్యుల చేతికి రాలేదు. మెదడు కణములను పుట్టించునని చెప్పి యెవరైన గుళికలను అమ్మవచ్చినచో, మీ యింటివారు ధనమును వ్యర్థపుచ్చక వైద్యుని సలహా నడుగవలెను.

తలిదండ్రులకు ఒక మాట. విశాలమైన స్థలమును, ఆటవస్తువులను కల్పించిన చిట్టెలుకలలో క్రొత్త నాడీకణములు ఎక్కువగా నిలిచినవని 1997లోను, చక్రముపై పరుగెత్తినవానిలో హెచ్చినవని 1999లోను గేజ్ బృందమువారు చూపిరి. చిట్టెలుకకు చెల్లినదెల్ల మనకు చెల్లునని చెప్పరాదు. అయినను, పిల్లలకు ఆటస్థలమును, వృద్ధులకు నడకను, ఇద్దఱికిని మంచి సాంగత్యమును కల్పించుట వలన మేలేగాని కీడు లేదు.

ఆ బాలుడు ఇప్పుడు సాయంకాలమున తన తాతగారిని చెయ్యిపట్టుకొని చెఱువుగట్టు వఱకు నడిపించుచున్నాడు. ఆయన యింకను వానిని తండ్రిపేరుతోనే పిలుచుచున్నారట. వాడును "ఏమండీ, నాన్నగారూ" అని తండ్రివలెనే పలుకుచున్నాడట. ఇది నేను నేర్పిన పాఠము కాదు.

నేను మాత్రము నా వ్రాతపుస్తకములోని ఆ వాక్యమును కొట్టివేసి, ప్రక్కన ఆల్ట్‌మన్ పేరును, 1962 అను సంఖ్యను వ్రాసికొంటిని. క్రింద కొంత స్థలమును విడిచియుంచితిని. మీలో నొకడు పెద్దవాడై పరిశోధన చేసి, నేడు నేను వ్రాసిన దానిలోను తప్పును కనుగొన్నచో, ఆ స్థలమున వాని పేరును వ్రాసికొనుటకు నేను సంతోషింతును.